గోడల మధ్య గాయం
(యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో చేసిన ప్రసంగపాఠం)



సుబ్బారావుగారి స్మారకోపన్యాసానికి పళ్ల డాక్టరును పిలవడమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఆయన పేరు చెప్పగానే ఫోలిక్ యాసిడ్ గుర్తొస్తుంది. బోదకాలు జబ్బుకు వాడే హెట్రజాన్ గుర్తొస్తుంది. పిల్లల లుకేమియా మీద సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్ గుర్తొస్తుంది. పళ్లు మాత్రం ఎవరికీ గుర్తు రావు. అయినా నా పనిలో ఆయన చెయ్యి మూడు చోట్ల తగులుతూనే ఉంటుంది. అక్కణ్ణించే మొదలుపెడతాను.

మొదటిది భాస్వరం. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, ద్రావణంలో పుట్టే నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన ప్రకటించారు. పంటిలో గట్టిగా ఉండేదంతా ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటే. పంటి లోపలి కణాలు ఎనామిల్ కింది గట్టి పొర అయిన డెంటిన్‌ను కొత్తగా కట్టడానికి సిద్ధపడుతున్నాయో లేదో తెలుసుకోవాలంటే ల్యాబుల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును చూస్తారు. అది విడగొట్టిన ఫాస్ఫేట్‌ను లెక్కగట్టడానికి దశాబ్దాలపాటు ఎన్నో ల్యాబులకు ఆ నీలిరంగే ఆధారమైంది.

రెండోది టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. సుబ్బారావుగారు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా అది 1948లో లోకానికి తెలిసింది. ఈ మందుకు కాల్షియం అంటే మోజు. పన్ను తయారవుతున్న వయసులో పిల్లలకు వాడితే వెళ్లి డెంటిన్‌లో అతుక్కుని, పళ్లను జీవితాంతం పసుపుగానో బూడిదరంగుగానో మిగులుస్తుంది. అయితే ఆ దుర్గుణమే పరిశోధకులకు అక్కరకొచ్చింది. ప్రయోగ జంతువుకు ఒకసారి, కొన్ని రోజులాగి మరొకసారి ఈ మందు ఇచ్చి, తర్వాత పంటిని పలచగా కోసి అతినీలలోహిత కాంతి కింద పెడితే రెండు పసుపు గీతలు మెరుస్తాయి. ఆ రెంటి మధ్య దూరమే అన్ని రోజుల్లో పెరిగిన డెంటిన్. పంటి లోపల మరమ్మతు ఎంత వేగంగా జరుగుతుందో చూపించిన మార్గాల్లో ఇదొకటి.

మూడోదాన్ని సుబ్బారావుగారు చూడలేదు. ఆయన 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. 1960లో ఆండ్రే ష్రోడర్ అనే స్విస్ దంతవైద్యుడు, ట్రియాడన్ అనే సహచరుడితో కలిసి, పంటిపోటును తగ్గించే ఒక పేస్టు తయారుచేశాడు. ఆయనకు కావలసింది అందులోని స్టెరాయిడ్. అది వాపును అణుస్తుంది, నొప్పి చప్పున తగ్గుతుంది. కానీ స్టెరాయిడ్ శరీరపు ఎదిరింపును కూడా అణుస్తుంది కదా. ఆ లోటు పూడ్చడానికి యాంటీబయాటిక్ కలిపాడు. మొదట కలిపింది క్లోరాంఫెనికాల్. తయారీ లెడర్లీ చేతికి వచ్చాక దాని స్థానంలో వాళ్ల సొంత టెట్రాసైక్లిన్ ఒకటి చేరింది. 1962లో లెడర్‌మిక్స్ పేరుతో యూరప్ మార్కెట్లోకి వచ్చింది. నాలాంటివాళ్లం చాలామందిమి దాన్ని వాడాం. పంటిపోటుతో రాత్రంతా నిద్రలేక వచ్చిన మనిషి మరునాడు నవ్వుతూ వస్తే డాక్టరుకు అంతకంటే ఏం కావాలి?

అయితే ఆ నవ్వు వెనక పంటి లోపలి మెత్తటి కణజాలం, అంటే గుజ్జు (పల్ప్), బాగుపడిందా అన్నది వేరే ప్రశ్న. పుచ్చిన పంటి గుజ్జు మీద నేరుగా ఈ పేస్టు పెట్టినచోట్ల నొప్పి పోయినంత నమ్మకంగా కణజాలం కోలుకోలేదు. కొన్ని చోట్ల చప్పుడు చేయకుండా చచ్చిపోయింది. అందుకే ఆ వాడకం క్రమంగా తగ్గి, రూట్ కెనాల్ చేసేటప్పుడు ఒక సిట్టింగుకీ మరో సిట్టింగుకీ మధ్య కాలువలో పెట్టే మందుగా మిగిలింది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పంటి గుజ్జులో వచ్చే వాపూ, దాని మరమ్మతూ ఒకే పనిలోని రెండు అంచెలు. మొదటి అంచె నోరు నొక్కితే రెండోది మొదలు కాదు. మొదటిది ఎంతకీ ఆగకపోయినా రెండోది మొదలు కాదు.

ముందు చోటు సంగతి. వైద్యం తెలిసినవాళ్లందరికీ సెల్సస్ చెప్పిన నాలుగు లక్షణాలు నోటికొచ్చు: ఎరుపు, వేడి, వాపు, నొప్పి. వేలికి దెబ్బ తగిలితే నాలుగూ కనిపిస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, ద్రవం బయటికి ఊరుతుంది, చర్మం సాగి చోటిస్తుంది. పంటి లోపల సాగేదేమీ లేదు. ఒక పంటి గుజ్జు పరిమాణం సగటున 0.02 మిల్లీలీటరు. నాలుగు వైపులా డెంటిన్ గోడ, దాని మీద ఎనామిల్. వేరు కొసన అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రం గుండానే రక్తం లోపలికి రావాలి, అందులోంచే బయటికి పోవాలి. ఎరుపూ వేడీ బయటికి కనబడవు. వాపుకు చోటు లేదు. మనిషికి తెలిసేది నొప్పి ఒక్కటే.

ఈ లెక్కనుబట్టి మా పాఠాల్లో చాలాకాలం ఒక సిద్ధాంతం నడిచింది. గుజ్జులో ఎక్కడ వాపు మొదలైనా లోపలి ఒత్తిడి మొత్తంగా పెరిగి, వేరు కొసలోని సిరలు నొక్కుకుపోయి, గుజ్జు తన గొంతు తానే నులుముకుని చస్తుందని చెప్పేవారు. వినడానికి ఎంత బాగుందో చూడండి! అందుకే అది అన్నేళ్లు బతికింది. 1983లో నార్వే పరిశోధకులు టొండర్, క్విన్స్‌లాండ్ అనే ఇద్దరూ పిల్లుల కోరపళ్ల గుజ్జులో సన్నటి గాజు సూదులు దించి ఒత్తిడి కొలిచారు. వాపు ఉన్న చోట ఒత్తిడి పెరిగిన మాట నిజమే. దాని పక్కనే, ఒకటి రెండు మిల్లీమీటర్ల అవతల, మామూలుగా ఉంది. ఊరిన ద్రవాన్ని పక్కనున్న ఆరోగ్యమైన రక్తనాళాలు తిరిగి లాగేసుకుంటున్నాయి. అంటే గుజ్జు ఒక్కసారిగా చావదు, ముక్కముక్కగా చస్తుంది. ఒక ముక్క చస్తున్నప్పుడు దాని పొరుగు ముక్క ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆ పొరుగు ముక్క బతికి ఉన్నప్పుడు మనం మొత్తం తీసి పారేయాలా వద్దా అన్నదే ఈ నలభై ఏళ్ల వాదన.

ఇక లోపల ఎవరెవరు ఉన్నారో చూద్దాం. డెంటిన్ గోడ గట్టిదే గాని నిరేటు కాదు. దానిలో సన్నటి గొట్టాలు ఉంటాయి. గుజ్జు దగ్గర చదరపు మిల్లీమీటరుకు 45,000 పైచిలుకు, బయటి అంచు దగ్గర 20,000 దాకా. గుజ్జు అంచున వరసగా నిలబడ్డ ఒడొంటోబ్లాస్టులు అనే కణాలు ఒక్కొక్క గొట్టంలోకి ఒక్కొక్క చెయ్యి చాపి ఉంచుతాయి. డెంటిన్ కట్టేవి ఇవే. వీటిని కేవలం గోడ కట్టే కణాలుగానే నేర్చుకున్న తరం నాది. ఇప్పుడు తెలిసిందేమంటే కాపలా ఉద్యోగం కూడా వీటిదేనని. పుచ్చులోని సూక్ష్మజీవులు గుజ్జును చేరడానికి చాలా ముందే, వాటి గోడల నుంచి రాలిన పదార్థాలు ఈ గొట్టాల గుండా లోపలికి జారతాయి. స్ట్రెప్టోకాకస్, లాక్టోబాసిలస్ జాతుల నుంచి లిపోటైకోయిక్ ఆమ్లం, లోతైన పుచ్చులో ఉండే మరికొన్నింటి నుంచి లిపోపాలీశాకరైడు. ఒడొంటోబ్లాస్టుల పొర మీద ఉండే టోల్ లాంటి గ్రాహకాలు వీటిని గుర్తుపట్టగానే కణం ఇంటర్‌ల్యూకిన్-8 వంటి పిలుపు రసాయనాలను వదులుతుంది. సూక్ష్మజీవులను చంపే డిఫెన్సిన్ అనే చిన్న ప్రోటీన్లనూ వదులుతుంది.

ఒడొంటోబ్లాస్టుల వెనకే డెండ్రిటిక్ కణాలు కొమ్మలు చాచి ఉంటాయి. ఎలాంటి జబ్బూ లేని గుజ్జులో కూడా ఇవి ఉంటాయని 1980లలో యాంటెల్, బెర్గెన్‌హోల్ట్జ్ స్వీడన్‌లో చూపించారు. అంతకు ముందు గుజ్జును రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోని మారుమూలగా లెక్కవేసేవారు. పుచ్చు పైపైన ఉన్నప్పుడే, దానికి ఎదురుగా ఉన్న గుజ్జు అంచుకు ఇవి గుంపుగా చేరడం సూక్ష్మదర్శిని కింద చక్కగా కనిపిస్తుంది. ఆ స్లయిడు మా విద్యార్థులకు తప్పకుండా చూపిస్తాను. పుచ్చు ఇంకా పైనే ఉంటుంది, మధ్యలో మందమైన డెంటిన్ ఉంటుంది, అయినా కింద సరిగ్గా ఆ గొట్టాలు తెరుచుకునేచోటే నల్లటి చుక్కల గుంపు. ఎదురుగా లేని శత్రువు కోసం కాపలా. తర్వాత న్యూట్రోఫిల్‌లు, మాక్రోఫేజ్‌లు. జబ్బు పాతబడేకొద్దీ టి కణాలు, బి కణాలు, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు.

ఇక్కడ నరాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మన పేషెంట్లు "నరం తీసేయండి డాక్టరుగారూ, పీడా పోతుంది" అంటారు. వాళ్ల దృష్టిలో నరం అంటే నొప్పి, అంతే. నొప్పిలో కూడా రకాలున్నాయి. చల్లనీళ్లు తగలగానే జివ్వుమని ఆగిపోయేది వేగంగా పరుగెత్తే నరాల పని. స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రోమ్ గొట్టాల్లోని ద్రవం కదలికే దీనికి మూలమని చూపించాడు. రాత్రి పడుకోగానే మొదలై తెల్లవార్లూ సలిపేది సన్నటి సి నరాల పని. ఆ దశ ముదిరినవాళ్లు ఒక్కోసారి క్లినిక్‌కు చల్లనీళ్ల సీసా పట్టుకుని వస్తారు. గుక్క పట్టి పుక్కిట ఉంచుకుంటే కాసేపు ఊరట. నోట్లో నీళ్లుండటంతో జవాబులు కూడా సైగలతోనే చెబుతారు.

ఈ సి నరాలు నొప్పి కబురు మెదడుకు పంపడంతో ఊరుకోవు. గుజ్జులోనే సబ్‌స్టెన్స్-పి, సి.జి.ఆర్.పి. అనే పెప్టైడులను వదిలి రక్తనాళాలను తెరుస్తాయి, తెల్లకణాలను రప్పిస్తాయి. సియాటిల్‌లో మార్గరెట్ బయర్స్ ఎలుకల పళ్ల మీద చేసిన పని నాకు చాలా ఇష్టం. గాయపడ్డ గుజ్జులో ఈ నరాలు కొత్త కొమ్మలు వేస్తాయని ఆమె చూపించింది. తర్వాత కొన్ని ఎలుకల్లో ఆ పంటికి వెళ్లే నరాన్ని ముందే తెంచి, గుజ్జును గాయపరిచి చూసింది. నరం లేని గుజ్జు త్వరగా చచ్చింది. మనిషిని నిద్రపోనివ్వని ఆ నరమే అక్కడి గాయాన్ని కాచుకుంటోందన్నమాట. దీన్ని విన్న తర్వాత కూడా పేషెంటు "నరం తీసేయండి" అంటే మీరు తీసేయవచ్చు, నేను కాదనను. కానీ ఏం తీస్తున్నారో తెలిసి తీయండి.

మర్సెయిల్‌లో ఇమాద్ అబూ బృందం 2010 తర్వాత వెలువరించిన పరిశోధనలు మరీ ఆసక్తికరం. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వ్యవస్థ ప్రధానంగా కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుందని చదువుకున్నాం. గుజ్జులోని ఫైబ్రోబ్లాస్టులు అవసరమైతే ఆ ప్రోటీన్లను అక్కడికక్కడే తయారుచేసుకుంటాయని వాళ్లు చూపించారు. ఆ వరసలో చివర ఏర్పడే ప్రోటీన్ల కూర్పు సూక్ష్మజీవి గోడకు రంధ్రం చేస్తుంది. ఆ వరస మధ్యలోనే తెగిపడే సి5ఎ అనే చిన్న తునక, గుజ్జు లోతుల్లోని మూలకణాలను గాయం వైపు లాగుతుంది. గోదావరి గట్టుకు గండి పడితే కేక ఒకటే వేస్తారు. ఇసుక బస్తాల వాళ్లూ, మర్నాడు గట్టు కట్టాల్సిన మేస్త్రీలూ ఆ కేకకే బయలుదేరతారు. ఇక్కడా అంతే. అందుకే ఆ కేకను స్టెరాయిడ్‌తో ఆపితే బస్తాలతోపాటు మేస్త్రీలు కూడా రారు.

మరి ఎంత కేక వేయాలి? బర్మింగ్‌హామ్‌లో ఆంథొనీ స్మిత్, పాల్ కూపర్ చాలా ఏళ్లు ఈ సంగతి మీద పనిచేశారు. వాళ్లు తేల్చిన సారాంశం ఇది. టి.ఎన్.ఎఫ్. వంటి వాపు రసాయనాలు కొద్ది మోతాదులో కొద్దికాలం ఉంటే కణాలు డెంటిన్ కట్టే దిశగా కదులుతాయి. అవే ఎక్కువగా, ఎక్కువకాలం ఉంటే అవే కణాలు చస్తాయి. స్మిత్ మరొకటి కూడా నిలబెట్టాడు. డెంటిన్ కట్టేటప్పుడు ఒడొంటోబ్లాస్టులు టి.జి.ఎఫ్.-బీటా వంటి పెరుగుదల కారకాలను ఆ గోడలోనే దాచిపెడతాయి. పుచ్చు తాలూకు ఆమ్లం గోడను కరిగించినప్పుడు అవి విడుదలై కిందనున్న కణాలను కదిలిస్తాయి. అంటే గోడను తినే ఆమ్లమే గోడలో దాచిన మందును విప్పుతుంది. మనం వాడే ఇ.డి.టి.ఎ. ద్రావణమూ అదే పని చేస్తుంది.

ఇప్పుడు గుజ్జును అసలు చంపేదేమిటో తేల్చిన 1965 ప్రయోగం. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జరాల్డ్ అనే ముగ్గురు రెండు రకాల ఎలుకలు తీసుకున్నారు. 21 ఎలుకలు పుట్టినప్పటి నుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా సోకని గదుల్లో పెరిగినవి. 15 మామూలువి. రెంటిలోనూ పై దవడ కుడి పక్క మొదటి దవడపంటికి బర్రు అనే డ్రిల్లు మొనతో రంధ్రం చేసి గుజ్జును బయటపెట్టారు. మందు పెట్టలేదు, మూత వేయలేదు. ఎలుకలు మామూలుగా తిన్నాయి. తిండి తునకలు ఆ రంధ్రంలోకి కూరుకుపోయాయి. మామూలు ఎలుకల్లో ఎనిమిదో రోజుకల్లా వేరు కింది సగంలో తప్ప బతికిన గుజ్జు లేదు. తర్వాత చీము గడ్డలు. సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో, అదే రంధ్రం, అదే తిండి చెత్త, పధ్నాలుగో రోజుకు గుజ్జు మీద కొత్త డెంటిన్ వంతెన కట్టుకోవడం మొదలైంది. మూడు నాలుగు వారాల్లో పూర్తయింది. కొన్నింటిలో బర్రు వంకరగా దిగి గాయం పెద్దదైనా సరే.

మా వృత్తిలో ఇంతకంటే సాదాసీదా ప్రయోగం లేదు, ఇంతకంటే పెద్ద తీర్పూ లేదు. గుజ్జును చంపేది గాయం కాదు, సందులేని గోడా కాదు, చివరికి తన సొంత వాపు కూడా కాదు. అదుపు తప్పిన సూక్ష్మజీవులు. వాటిని తీసేసి, మళ్లీ రాకుండా గట్టిగా మూత వేస్తే మిగతా పని గుజ్జుకు తెలుసు.

మరమ్మతు రెండు తీర్లుగా సాగుతుంది. దెబ్బ తేలికైతే పాత ఒడొంటోబ్లాస్టులే తేరుకుని లోపలి వైపు ఇంకొంత డెంటిన్ కట్టుకుని గుజ్జును వెనక్కి జరుపుకుంటాయి. దెబ్బ గట్టిదైతే అవి చస్తాయి. ఇవి మళ్లీ విభజన చెందే కణాలు కావు కాబట్టి కొత్తవాళ్లు రావాలి. పెద్దవాళ్ల పంటి గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో గ్రొంథోస్, షి బృందం చూపించారు. మూడేళ్ల తర్వాత ఊడిన పాలపళ్లలోనూ చూపించారు. రక్తనాళాల అంచున ఉండే కణాలు కొన్ని, నరాల వెంట ఉండే ష్వాన్ కణాల వంశం కొన్ని (ఇది 2014లో చుంచెలుకల ముందుపళ్లలో తేలింది) ఈ పనికి కదలివస్తాయి. వచ్చినవాళ్లు కట్టే గోడ మాత్రం పాత గోడంత శ్రేష్ఠంగా ఉండదు. గొట్టాలు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఒక్కోసారి కణాలు గోడలోనే చిక్కుకుపోయి ఎముకలా కనిపిస్తుంది. 1996లో కాక్స్ బృందం కోతుల పళ్లలో కాల్షియం హైడ్రాక్సైడ్ కింద కట్టిన వంతెనలను పరిశీలిస్తే 89 శాతం వాటిలో సొరంగాల్లాంటి లొసుగులున్నాయి. ఎక్స్‌రేలో వంతెన తెల్లగా కనబడగానే చప్పట్లు కొట్టుకునేవాళ్లకు ఇది తెలియాలి. పైన వేసిన ఫిల్లింగు కారిందంటే ఆ సొరంగాలే దారి.

కాల్షియం హైడ్రాక్సైడ్ అన్నాను. అది మన తమలపాకుల పెట్టెలోని సున్నమే. 1920లో జర్మనీలో హెర్మన్ దాన్ని పంటి వైద్యంలోకి తెచ్చాడు. క్షారగుణం ఎక్కువ కాబట్టి సూక్ష్మజీవులు చస్తాయి, తాకిన పొర కాలుతుంది, ఆ కాలిన పొర కింద మరమ్మతు మొదలవుతుంది. ఇంట్లో పెట్టుకోమని దీని అర్థం కాదు, నోరు కాలుతుంది. లవంగ నూనె సంగతీ అంతే. డెంటిన్ అడ్డంగా ఉన్నంతసేపూ నొప్పిని జోకొడుతుంది, తెరుచుకున్న గుజ్జుకు నేరుగా తగిలితే విషం. 1990లలో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో తొరాబినెజాద్ తెచ్చిన ఎం.టి.ఎ. అయితే ఇళ్లు కట్టే పోర్ట్‌లండ్ సిమెంటుకు దగ్గరి చుట్టం. తడి తగిలి గట్టిపడేటప్పుడు అదీ కాల్షియం హైడ్రాక్సైడ్‌నే వదులుతుంది. సిమెంటు ధర ఇంతేమిటని మాత్రం నన్నడక్కండి. మెరుగు ఎక్కడంటే అది కరిగిపోదు, చక్కగా మూసుకుంటుంది, దాని కింది వంతెనలో లొసుగులు తక్కువ.

ఇదంతా తెలిశాక పేషెంటు కుర్చీ దగ్గర ఏం మారాలి? చిక్కంతా రోగనిర్ధారణలో ఉంది. 1963లోనే సెల్ట్‌జర్, బెండర్ పీకేసిన పళ్లను కోసి చూసి, మనిషి చెప్పే నొప్పికీ లోపల కనిపించే జబ్బుకూ పొంతన సరిగా కుదరడం లేదని రాశారు. 2014లో రికూచ్చి బృందం మరింత శ్రద్ధగా చూస్తే పొంతన కొంత మెరుగ్గానే తేలింది. కోలుకునే వాపు అనుకున్నవాటిలో దాదాపు 97 శాతం నిజంగానే అలా ఉన్నాయి. కోలుకోని వాపు అనుకున్నవాటిలో 84 శాతం. మిగతా 16 శాతం పళ్లకు ఇన్నాళ్లూ ఏం చేశామో మీకు తెలుసు. అంతకంటే ముఖ్యమైనది, ఆ 84 శాతంలో కూడా చచ్చిందీ చీముపట్టిందీ పంటి తలభాగంలో గుజ్జు ఉండే పై గదిలోని ఒక మూలే. వేర్లలోని గుజ్జు చాలావాటిలో చెక్కుచెదరకుండా ఉంది.

పాడైన పై గుజ్జు మాత్రం తీసి మిగతాది ఉంచడమన్నది చాలా ముందే చేసి చూపినవాడు స్టాక్‌హోమ్‌లోని మియోమిర్ స్వెక్. దెబ్బ తగిలి విరిగిన పిల్లల ముందుపళ్లు 60 తీసుకుని, బయటపడ్డ గుజ్జులో పైన రెండు మిల్లీమీటర్ల దాకా మాత్రమే కోసి తీసేసి, కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూశాడు. 1978లో ప్రకటించిన విజయ శాతం 96. దెబ్బ తగిలి గంటకే వచ్చినవాళ్లున్నారు, 90 రోజులకు వచ్చినవాళ్లూ ఉన్నారు. కోతుల్లో చూస్తే వారం గడిచినా వాపు రెండు మిల్లీమీటర్ల లోతు దాటలేదు. పుచ్చు పట్టిన పన్ను, విరిగిన పన్ను ఒకటి కాదు, నిజమే. కానీ ఇరాన్‌లో అస్గరీ, జోర్డాన్‌లో తాహా వంటివాళ్లు పుచ్చి సలుపుతున్న పెద్దవాళ్ల దవడపళ్లలోనే పై గది గుజ్జు మాత్రం తీసి, వేర్ల గుజ్జును ఉంచి మంచి ఫలితాలు చూపించాక, 2019లో యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ కూడా తన వైఖరిని ఆ దిశగా సడలించింది.

ఆ పని చేసేటప్పుడు డాక్టరు చూసేది రక్తాన్ని. రబ్బరు డ్యామ్ కట్టి, పుచ్చు మొత్తం తోడి, శుభ్రమైన కొత్త బర్రుతో పై గుజ్జు తీసేస్తారు. హైపోక్లోరైట్‌లో తడిపిన దూదిని దాని మీద మెల్లగా ఆనించి ఉంచుతారు. ఐదు నిమిషాలు, పోనీ పది. దూది తీసినప్పుడు వేరు కాలువ ముఖద్వారంలో గులాబీ రంగు గుజ్జు తడిగా, నిలకడగా కనబడితే అది బతికి ఉంది. రక్తం ఎర్రగా ఉబుకుతూనే ఉంటే వాపు ఇంకా కిందికి దిగిందని అర్థం, ఇంకొంచెం లోతుగా తీయాలి. రక్తమే రాకుండా పసుపుపచ్చగా ఉంటే ఆ వేరుకు రూట్ కెనాల్ తప్పదు. ఇంత విజ్ఞానం పెరిగాక కూడా మన చేతిలోని పరీక్ష ఒక దూదిపింజ! గుజ్జులో ఊరే ఎం.ఎం.పి.-9 అనే ఎంజైమును కుర్చీ దగ్గరే కొలిచి వాపు తీవ్రత చెప్పాలని కొందరు ప్రయత్నిస్తున్నారు. అదొస్తే దూదిని నేనే సంతోషంగా పక్కన పెడతాను.

సుబ్బారావుగారి సభలో ఒక మాట కఠినంగానే చెప్పాలి. పంటిపోటు రాగానే మెడికల్ షాపుకు వెళ్లి యాంటీబయాటిక్ కోర్సు అడిగి తెచ్చుకునే అలవాటు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఉంది. గుజ్జు వాపుకు అది పనికిరాదు. 2000లో అమెరికాలో 40 మందికి సగం పెన్సిలిన్, సగం ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూస్తే నొప్పిలో తేడా రాలేదు. గుజ్జు బతికున్నంతకాలం జబ్బు రక్తంలో లేదు, పుచ్చులో ఉంది. పుచ్చు తోడితేనే పోతుంది. ముఖం వాచి జ్వరం వస్తే మాటవేరు. అప్పుడు మందులు కావాలి.

కొత్తగా వస్తున్నవి రెండు చెబుతాను. 2017లో లండన్ కింగ్స్ కాలేజీలో పాల్ షార్ప్ బృందం టైడెగ్లూసిబ్ అనే మందును కొలాజెన్ స్పాంజిలో పెట్టి చుంచెలుకల పంటి గాయంలో ఉంచితే, స్పాంజి కరుగుతూ డెంటిన్ దాని చోటు ఆక్రమించింది. అదే ఏడాది జపాన్‌లో మిసాకో నకాషిమా ఐదుగురు మనుషుల్లో, పూర్తిగా తీసేసిన గుజ్జు స్థానంలో వాళ్ల సొంత మూలకణాలను నాటింది. రెండోది అద్భుతమే. కానీ ఒక పంటి కోసం మరో పన్ను పీకి, కణాలను ల్యాబులో పెంచే ఖర్చు భీమవరంలోని నా పేషెంటుకు ఎవరు భరిస్తారు? నా ఓటు మొదటి దారికి. ఉన్న గుజ్జును ఉంచుకోవడానికి.

ఉన్న గుజ్జును ఉంచే ఈ దారిలో షుగరు జబ్బు దగ్గర మాత్రం నాకు జంకు. షుగరు ఎక్కువున్న ఎలుకల్లో ఎం.టి.ఎ. పెట్టినా డెంటిన్ వంతెన సరిగా కట్టలేదని 2009లోనే తేలింది. మన కుర్చీల్లో కూర్చునే నడివయసువాళ్లలో షుగరు ఎంతమందికుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పల్పాటమీ, అంటే పై గుజ్జు మాత్రం తీసే చికిత్స, చేసేముందు షుగరు ఎంతుందో అడగడం నేర్చుకోండి. మరో జాగ్రత్త: పై గుజ్జు తీసేశాక ఆ పంటికి చల్లదనం తగిలించి స్పందన చూసే పరీక్ష పనిచేయదు. పన్ను బతికుందో లేదో నొప్పి చెప్పదు, ఎక్స్‌రే చెబుతుంది. ఆరో నెలలో ఒకటి, ఏడాది నిండాక ఒకటి, తర్వాత ఏటా. పేషెంటు నొప్పి లేదు కదా అని రాడు. అందుకని కేసు షీట్లో ఫోన్ నంబరు మళ్లీ ఒకసారి అడిగి సరిచూసుకుని రాసుకోండి, మీరే ఫోన్ చేసి పిలవండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.